పద్నాలుగుసార్లు ఆరిన తెర

మా బావ ముప్పై ఒక్క ఏళ్లు బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. బస్టాపులో నిలబడి బస్సెక్కే ఇన్‌స్పెక్టర్లు వేరు, మా బావ వేరు. స్టాపులో నిలబడితే డ్రైవరు దూరం నుంచే చూసేస్తాడు, లోపల కండక్టరు సర్దుకుంటాడు అని ఆయన వాదన. అందుకని స్టాపు లేని చోట, బండి ఎలాగూ నెమ్మదించే రోడ్డు మలుపులో, గోడవార నిలబడి చెయ్యెత్తేవాడు. కండక్టర్లు ఆయనకు ‘మలుపు సారు’ అని పేరు పెట్టారు. ఆ పేరు తనకు తెలుసనీ, మొదట ఎవరన్నారో కూడా తెలుసనీ నాతో చాలాసార్లు అన్నాడు. ఎవరో మాత్రం చెప్పలేదు. నా నోట్లో మాట దాగదని ఆయన నమ్మకం.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. బావమరిదిని గదా, ఆయన్ని నాలుగు మాటలనే హక్కు నాకుంది. ఆ హక్కును ఇక్కడ కూడా వాడుకుంటాను. అయితే జరిగినదాంట్లో నా వాటా కూడా ఉంది కాబట్టి మరీ ఎగిరిపడను.

ఉద్యోగం నుంచి ఆయన రిటైరయ్యాడు గానీ ఆయన అనుమానం రిటైరు కాలేదు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూస్తాడు. మా అక్క తాళం వేస్తే రెండుసార్లు లాగుతాడు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడి భుజం మీదుగా తొంగిచూసి అంకెలు తనూ రాసుకుంటాడు. ఆయన కంప్యూటరును బాగుచేయడానికి నేను మొదటిసారి పట్టుకెళ్తానన్నప్పుడు డబ్బా విప్పించి, లోపలి ప్రతి ముక్క మీదా పెన్నుతో పొట్టి సంతకం పెట్టి ఇచ్చాడు. నేనెక్కడ మార్చేస్తానోనని.

"నీ మీద అనుమానం కాదురా, పద్ధతి" అన్నాడు.

ఒళ్లు మండింది గానీ అక్క మొహం చూసి ఊరుకున్నాను.

ఆయనకు అన్యాయం చేయకూడదు, ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా బావ ఏనాడూ లేనిది రాయలేదు. చూసింది రాశాడు, రాసినదాని మీద నిలబడ్డాడు. సొంత తమ్ముడు టికెట్టు లేకుండా దొరికితే నడిరోడ్డు మీద దించేశాడు. ఆ తమ్ముడు నాలుగేళ్లు వాళ్ల గడప తొక్కలేదు. మా బావ ఒక్కరోజు కూడా "పొరపాటైంది" అని గానీ "నేను చూడలేదనుకో" అని గానీ అనలేదు. అబద్ధం ఆడటం చేతకాని మనిషితో బతకడం ఎంత కష్టమో మా అక్కనడగాలి.

రిటైరయ్యాక మొదటి ఏడాది ఆయనకు కాలు నిలవలేదు. కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే ప్రతి బస్సుకూ వాచీ చూసుకుని తిట్టుకునేవాడు. అది చూడలేక వాళ్ల కొడుకు ఆయన కంప్యూటర్లో బస్సు నడిపే ఆట పెట్టి, దానికి స్టీరింగు, కాళ్ల దగ్గర బ్రేకు, యాక్సిలరేటరు తగిలించాడు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆ ఆటలో ఒక డిపో నడుపుతుంటారు. రూట్లుంటాయి, టైములుంటాయి, వాన పడుతుంది, స్టాపు దాటేస్తే తెరమీద ప్రయాణికులు తిడతారు. ముప్పై ఒక్క ఏళ్లు తనిఖీకి మాత్రమే బస్సెక్కిన మనిషి డ్రైవరు సీట్లో కూర్చునేసరికి మొహంలో కళ వచ్చింది.

ఆయన పక్కన కూర్చునేది కోడలు. ఆ అమ్మాయి పొద్దున్నే రక్తపరీక్షల ల్యాబుకు వెళ్లి మధ్యాహ్నం రెండింటికల్లా వచ్చేస్తుంది. కొడుకుది కార్ఖానాలో షిఫ్టు ఉద్యోగం, ఎప్పుడుంటాడో ఎప్పుడుండడో తెలియదు. అన్నం తిని, ఆరిన బట్టల బుట్ట తెచ్చుకుని, చిన్న చెక్క స్టూలు మీద కూర్చుని మడతలు పెడుతూ ఆయన బస్సు చూసేది. తెరమీద జనం ఎక్కడం అయ్యాక "రైట్ రైట్" అనేది. ఆయన బండి కదిపేవాడు. రెండు నెలలు చూసి మా బావ, ఎక్కడో మూతపడిన ఆఫీసు సామాను అమ్ముతుంటే, పైకీ కిందకీ జరిగే తిరుగుడు కుర్చీ ఒకటి కొని, వీధి పొడుగునా తనే దొర్లించుకుంటూ తెచ్చాడు.

"కండక్టరుకు సీటుండాలి" అన్నాడు.

కండక్టరు సుఖం గురించి ఆయన ఆలోచించడం అదే మొదటిసారి. "పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పక్కన కూర్చుని నవ్విన మనిషిని ఇప్పుడే చూస్తున్నానురా" అంది మా అక్క.

మూడో నెలలో తెర ఆరిపోవడం మొదలైంది. ఆట నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నల్లబడేది. ‘సిగ్నల్ లేదు’ అని అక్షరాలు కనిపించేవి. నాలుగైదు సెకన్లకు బొమ్మ తిరిగొచ్చేది. ఈలోగా శబ్దం మాత్రం ఆగేది కాదు. అంటే బస్సు పోతూనే ఉంటుంది, డ్రైవరుకు రోడ్డు కనపడదు. ఒకసారి వంతెన గోడకు కొట్టాడు, ఇంకోసారి ఆగివున్న లారీకి. ఇంకొక్క ప్రమాదం చేస్తే రూటు తీసేస్తామని ఆ డిపోవాళ్లు హెచ్చరిక పంపారు. ఎందరికి హెచ్చరికలు పంపించాడో మనిషి, తనకొకటి వచ్చేసరికి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

కంప్యూటరును నా దుకాణానికి తెచ్చుకున్నాను. దుమ్ము దులిపాను. బొమ్మలు పంపే కార్డు ఊడదీసి మళ్లీ బిగించాను. వేడెక్కుతోందేమో చూశాను. కరెంటు అందించే డబ్బా మార్చి చూశాను. రెండు రోజులపాటు అదే ఆట నడిపాను. తెర రెప్ప వేయలేదు. తీసుకెళ్లి ఇంట్లో పెట్టిన మర్నాడే మళ్లీ ఆరింది. మళ్లీ వెళ్లి చూశాను, ఏమీ దొరకలేదు. తల గోక్కుని, ఈ పనిలో ఉన్నవాళ్లందరం దారి తోచనప్పుడు అనే మాట ఒకటుంది, అదనేశాను.

"ఎవరైనా కదుపుతున్నారేమో చూడు బావా."

మాకది నోటి అలవాటు. ఎవరు కదుపుతున్నారు, ఎందుకు కదుపుతున్నారు అని ఆలోచించి అనం. తప్పు మనది కాదని చెప్పుకోవడానికి అంటాం. కానీ ఆ మాట ఎవరితో అంటున్నానో నేను చూసుకోవాల్సింది. ఇప్పటికీ తలుచుకుంటే నన్ను నేను తన్నుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే ఆయన కంప్యూటరు డబ్బాను బల్ల కింద నుంచి తీసి, గదికి అవతలి మూలనున్న చెక్క బీరువాలో పెట్టి తాళం వేశాడు. గాలి ఆడటానికి వెనక చెక్క కోయించాడు. అక్కణ్ణుంచి తెరదాకా తీగ అందదు గదా, బజారుకెళ్లి బారెడు పొడవున్న కేబుల్ తెచ్చి, గోడవారగా, రెండు కుర్చీల వెనక నుంచి లాగాడు. దాని రెండు కొసల మీదా సంతకం పెట్టాడు. ఒక నోటుబుక్కులో గీతలు గీశాడు: తేదీ, టైము, రూటు, గదిలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు.

రెండు వారాల్లో తెర పద్నాలుగుసార్లు ఆరింది. అంతకుముందు వారానికి ఒకటో రెండో.

నన్ను పిలిపించి, తలుపు దగ్గరగా వేసి, పుస్తకం నా ముందు పెట్టాడు. పద్నాలుగింటిలో పదకొండు చోట్ల ‘కోడలు’ అని ఉంది. పక్కన ‘లేచింది’ అని ఉంది. మిగతా మూడు చోట్ల ‘ఎవరూ లేరు’.

"తాళం వేశాక ఎక్కువైంది, చూశావా" అన్నాడు గొంతు తగ్గించి. "చెయ్యి అందకుండా చేశానని కక్ష. లేచేటప్పుడు కాలితో ఏదో చేస్తోంది."

"ఎందుకు చేస్తుంది బావా? ఆవిడకేం లాభం?"

"లాభం తర్వాత తేలుతుంది. ముందు మనిషి తేలాలి."

"మరి ఈ మూడుసార్లు ఎవరూ లేరని రాశావే?"

"గదిలో లేదు. ఇంట్లో ఉంది. మెయిన్ స్విచ్చు ఎక్కడుంది? వంటింటి బయట."

మెయిన్ స్విచ్చు కట్టేస్తే తెరొక్కటే ఎలా ఆరుతుంది, ఇల్లంతా ఆరదా అని అడగొచ్చు. అడగలేదు. ఎందుకంటే నిజం చెప్పాలి, ఆ పుస్తకం చూశాక నా మనసులోనూ పురుగు దొలిచింది. పదకొండుసార్లు! అంతటి వరస యంత్రాల్లో దొరకడం కష్టం, మనుషుల్లోనే దొరుకుతుంది అనుకున్నాను. కేబుల్ మార్చి చూద్దామని దుకాణం నుంచి ఇంకొకటి తెచ్చాను. అంత పొడుగుది నా దగ్గరున్నదీ అలాంటి పల్చటిదే. మార్చినా అదే పాట.

మర్నాడు రెండున్నరకు నేనూ ఆ గదిలో కూర్చున్నాను. ఏదో మరమ్మతు చేస్తున్నట్టు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని, ఆ అమ్మాయి కాళ్లకేసి చూస్తూ కూర్చున్నాను. ఆమె బట్టలు మడతపెట్టింది. బుట్ట చంకన పెట్టుకుని లేచింది. తెర ఆరింది. కాలు ఎక్కడా తగల్లేదు, చెయ్యి ఖాళీగా లేదు. అంతటితో నేను ఆగాల్సింది. ఆగకుండా, ఫోనుతో ఏమైనా చేస్తోందేమోనని, "అమ్మా, నీ ఫోను ఒక్కసారి బయట పెట్టి వస్తావా?" అన్నాను.

ఆమె నాకేసి చూసింది. నోటుబుక్కుకేసి చూసింది. అప్పటిదాకా మావయ్య ఏవో రూటు టైములు రాసుకుంటున్నాడనుకుందట.

"ఎందుకు చిన్న మావయ్యగారూ?"

"ఏం లేదమ్మా. ఊరికే పరీక్ష."

ఫోను తీసుకెళ్లి ఫ్రిజ్జు మీద పెట్టి వచ్చింది. కూర్చుంది. నేను తలూపితే లేచింది. తెర ఆరింది. ‘నేను చెప్పలేదూ’ అన్నట్టు మా బావ నాకేసి చూశాడు. ఆ చూపు ఆ అమ్మాయికి కూడా కనపడింది.

"అమ్మాయ్" అన్నాడు, కోపం లేకుండా, బస్సులో ఎవర్నో అడిగినట్టే. "నీ పని నువ్వు చేసుకో. ఇకమీదట ఈ గదిలోకి రాకు."

ఆమె బుట్ట తీసుకుని వెళ్లింది. ఆ సాయంత్రం మొగుడితో వేరే ఇల్లు చూడమని చెప్పింది.

వారం తర్వాత మా అక్క నా దుకాణానికొచ్చింది. అక్క నా దుకాణానికి రావడం ఎప్పుడో గాని జరగదు. వచ్చి, ఎవరిదో విప్పిన కంప్యూటరు పక్కన కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇల్లు దొరికిందట్రా. ఆదివారం వెళ్లిపోతున్నారు. మేమంతా ఎంత చెప్పాం, ఆయన మనసులో ఏమీ లేదమ్మా, ఆయన తీరే అంత, నిన్ను ఎవరనుమానిస్తారు అని. ఆ పిల్ల వింటుందేగాని పలకదు. తెర బాగుచేస్తావో, పగలగొట్టి పారేస్తావో నాకు తెలీదు. ఆ పిల్ల మాత్రం ఇల్లు వదిలి వెళ్లకూడదు."

శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాను. కోడలు ల్యాబు నుంచి ఇంకా రాలేదు. బావ వానలో ఘాటు రోడ్డు మీద బస్సు నడుపుతున్నాడు. అక్క ఆ తిరుగుడు కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి గిన్నె పట్టుకుని గబుక్కున లేచింది. తెర ఆరింది. బావ బ్రేకు తొక్కి పట్టుకుని, బొమ్మ వచ్చాక బస్సు పక్కకు ఆపి, కళ్లద్దాలు సవరించుకుని, పుస్తకం తెరిచి రాశాడు. నేను వెనక నిలబడి చూశాను. ‘ఎవరూ లేరు’ అని రాశాడు.

"బావా, ఎవరూ లేకపోవడమేంటి? అక్క ఉంది కదా."

"ఉంటే?"

"లేచింది కదా."

"మీ అక్క ఎందుకు చేస్తుందిరా, మతిపోయిందా? ఇంట్లో మనిషి."

"అంతకుముందు మూడుసార్లూ?"

ఆయన పుస్తకంలో వెనక్కి తిప్పి చూశాడు. "మీ అక్కే అక్కడ కూర్చుంది" అన్నాడు. "తను లెక్కలోకి రాదు గదా."

నా ప్రాణం చివుక్కుమంది. కానీ ముందు పని చూడాలి. అక్క వదిలిన కుర్చీలో నేను కూర్చుని లేచాను. తెర ఆరింది. మళ్లీ కూర్చుని లేచాను. పదిసార్లలో ఏడుసార్లు ఆరింది. చెక్క స్టూలు మీద కూర్చుని లేచాను, ఒక్కసారీ ఆరలేదు. ఆట కట్టేసి, ఊరికే తెర వెలిగించి పెట్టి, కుర్చీలోంచి లేచాను. ఆరలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటిదొకటి ఉంటుందని ఎప్పుడో ఎవరో చెబితే నవ్వి వదిలేశాను. ఆ కుర్చీలకు కింద గ్యాసు నింపిన గొట్టం ఉంటుంది. మనిషి బరువుకు దిగుతుంది, లేస్తే పైకి తంతుంది. ఆ తన్నడంలో చిటికెడు కరెంటు పుడుతుంది, ఉన్ని దుప్పటి దులిపితే చిటచిటమన్నట్టు. మనిషికి తెలియదు. వెనక నుంచి పోతున్న పల్చటి తీగకు తెలుస్తుంది. మామూలప్పుడు తట్టుకుంటుంది. ఆటలో బొమ్మలు జోరుగా పోతుంటాయి కాబట్టి, ఏ కాస్త అడ్డొచ్చినా తెర చేతులెత్తేస్తుంది. నా దుకాణంలో ఎన్ని రోజులు నడిపినా తప్పు ఎందుకు దొరకలేదంటే, కుర్చీ ఇక్కడే ఉండిపోయింది. తీగ పొడుగయ్యాక ఎందుకు ఎక్కువైందో వేరే చెప్పాలా.

బీరువా తాళం తీయించి, డబ్బాను మళ్లీ బల్ల కిందకు తెచ్చి, మందపాటి పొట్టి కేబుల్ వేశాను. కుర్చీని అవతలి గోడ దగ్గరకు జరిపాను. బావ నా మాట నమ్మితే ఆయన మలుపు సారెందుకవుతాడు? నన్ను ఇరవైసార్లు కూర్చోబెట్టి లేపాడు. అక్కను పదిసార్లు. తనే పదిసార్లు. అక్క మోకాళ్లు పట్టుకుని "మీ తనిఖీ తగలెయ్య" అంది. తెర ఒక్కసారీ ఆరలేదు. ఆయన పుస్తకం తీసి, గీతలన్నిటి కింద అడ్డంగా ‘కారణం: కుర్చీ’ అని రాసి సంతకం పెట్టాడు.

కోడలు అప్పటికి వచ్చి, లోపలి గదిలో అట్టపెట్టెల్లో బట్టలు సర్దుతోంది. కొడుకు పెట్టెలకు తాడు కడుతున్నాడు. బావ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వెనక అక్క, అక్క వెనక నేను.

"అమ్మాయ్, తేలింది" అన్నాడు. "నువ్వు కాదు. కుర్చీ."

"మంచిది మావయ్యగారూ."

ఆమె ఇంకో చీర మడత పెట్టింది. బావ పెట్టెలకేసి చూశాడు. "ఇక వెళ్లక్కర్లేదు గదా" అన్నాడు.

ఆమె చేతిలో చీర అలాగే పట్టుకుని తలెత్తింది. "కుర్చీ అని తేలకపోయుంటే?"

‘ఛ, ఊరికే అన్నానమ్మా’ అంటే అయిపోయేది. ఎవరైనా అదే అంటారు. అంటే బాగుండునని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అక్క ఆయన చొక్కా వెనక నుంచి లాగుతోంది.

"నువ్వే అనుకుంటూ ఉండేవాణ్ణి" అన్నాడు మా బావ.

కొడుకు తాడు వదిలేసి "నాన్నా" అన్నాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఆ ముసలాయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆ అమ్మాయి మాత్రం పెట్టె అంచున కూర్చుంది.

"ఈ మాట ఎవరో ఒకరు చెప్తారని వారం పైగా చూస్తున్నాను" అంది. "అందరూ ఆయన మనసులో ఏమీ లేదంటారు. నాకేనా పిచ్చి అనుకున్నాను."

"మనసులో ఉంది. మీ అత్తయ్య పేరు రాయలేదు. నీ పేరు రాశాను. అది తప్పే" అన్నాడు బావ. ఆయన నోట ఆ చివరి మాట వినడం నాకు ఇదే మొదలు. చేతిలో పుస్తకాన్ని ఏం చేయాలో తెలియక ఆమెకిచ్చాడు. ఆమె తెరిచి అన్ని గీతలూ చదివింది. మూసి, ఆయనకే తిరిగిచ్చింది.

"ఆదివారం వెళ్తాం మావయ్యగారూ" అంది. "కొత్త ఇంటికి మీరు రండి. మీరైతే రావచ్చు."

ఆదివారం పొద్దున నా దుకాణం వ్యాన్‌లో నేనే సామాను చేరవేశాను. బావ ప్రతి పెట్టె మీదా అంకె వేసి, ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి సరిచూశాడు. అక్క ఏడుస్తూ వంటింట్లోనే ఉండిపోయింది. చివరి విడతకు కోడలు నా పక్క సీట్లో కూర్చుంది. బయల్దేరేముందు నాకేసి తిరిగి, కోపంగా కాదు, ఏదో కనుక్కుంటున్నట్టు అడిగింది.

"మీరు కూడా నన్నే అనుకున్నారు కదా చిన్న మావయ్యగారూ?"

"ఛ, అదేం మాటమ్మా" అన్నాను. "నేనెందుకనుకుంటాను."

ఆమె తలూపింది. అద్దం కిందకు దించుకుని, కొత్త ఇల్లు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.